దయకు వారసులెవరు?



మన ఇండ్లలో పెద్దలు లింగైక్యము చెందినపుడు శివగణారాధన జరుపుట ఆచారము. జంగమదేవరలను పిలిచి, పాదపూజ చేసి, వచ్చినవారికందరికిని ప్రసాదము పెట్టుదుము. ఆ పందిరిలో ఒక్కొక్కరును పోయినవారి మంచితనమును తలచుకొందురు. “చీమకైనను కీడు తలపెట్టని తల్లి” అని ఒకరందురు. “ఆకలితో వచ్చినవానిని వట్టిచేతులతో పంపి యెరుగదు” అని ఇంకొకరందురు. వినువారి కన్నులు చెమ్మగిల్లును. ఆ మాటలు అబద్ధములు గావు. అయినను పందిరి విప్పిన మరునాటి సంగతి యేమి? పొలము పంచుకొందుము. ఇల్లు పంచుకొందుము. బంగారమును తూచి పంచుకొందుము. నిన్నటి దినమున అందరును పొగడిన ఆ దయను పంచుకొన్నవారెవరు? దానికి వారసులెవరు?

ఈ ప్రశ్న నన్ను ముప్పది యేండ్లుగా వేధించుచున్నది. దానికి కారణము నా చేతివ్రాతయే. మన పత్రిక చదువు శరణులయెదుట దాచుట మంచిది కాదు గనుక జరిగినది విన్నవించుకొందును.

పాల్వంచ నుండి భద్రాచలము పోవు బాటలో, పొలములు ముగిసి టేకుచెట్లు మొదలగు చోట, మాకొక కిరాణాదుకాణము ఉండెడిది. తాత శివైక్యము చెందిన పిదప మా అవ్వయే దానిని నడిపెను. సంతనాడు కోయవారు అడవినుండి దిగివచ్చెడివారు. ఇప్పపువ్వు, చింతపండు, కుంకుడుకాయలు, తేనె, తపసిజిగురు తెచ్చి అమ్మి, ఉప్పు, మిరపకాయలు, కిరసనాయిలు, బట్ట కొనిపోయెడివారు. దుకాణము ముందరి వేపచెట్టు నీడను అవ్వ మంచినీళ్ళకుండ పెట్టించెడిది. ఎండకాలమున ప్రక్కనే అంబలికుండయు ఉండెడిది. ఇది పెద్ద విశేషము కాదు. ఆ కాలమున పెట్టినవారు పలువురు కలరు. విశేషమంతయు అవ్వ పిలుపులో ఉండెను. సంతలోని వర్తకులు చాలమంది కోయవారిని “ఒరే” అనియు “ఏమే” అనియు పిలుచుచుండిన దినములవి. అవ్వ ముసలివారిని “పెద్దయ్యా” అనెడిది. ఈడువారిని “అన్నా”, “అక్కా” అనెడిది. ఒకనాడు నేను కుర్రతనమున ఒక పెద్దమనిషిని “ఒరే” అనగా అవ్వ నన్ను లోనికి పిలిచి, “మెడల లింగం కట్టుకొని నోట ఒరే అని ఎట్ల అంటవు బిడ్డా?” అని అడిగెను. కొట్టలేదు, తిట్టలేదు. ఆ ప్రశ్నకు నాయొద్ద జవాబు లేకపోయెను.

ధర్మమునకు వేరు దయయేనని బసవేశ్వరుడు బోధించినాడని మన పసిపిల్లలకును తెలియును. ఎదుటివానిని పిలుచు పిలుపును కూడ ఆయన ధర్మములో భాగముగనే ఎంచినాడు. అవ్వకు అక్షరములు రావు. వచనములు చదివినది కాదు. మఠములో పెద్దలు చెప్పగా విన్నది, విన్నదానిని త్రాసు దగ్గర కూర్చుండి ఆచరించినది. అంతియే.

1986 ఆగస్టు నెలలో గోదావరి పొంగెను. భద్రాచలము దగ్గర 53 అడుగులకు నీరు వచ్చినచో మూడవ ప్రమాద హెచ్చరిక ఇత్తురు. ఆ యేడు నది 75.6 అడుగులకెక్కెను. ఏటి ఒడ్డు పల్లెలవారు పిల్లలను చంకబెట్టుకొని, మేకలను తోలుకొని మెరకకు తరలివచ్చిరి. మా ఊరికిని కొన్ని కుటుంబములు వచ్చెను. అవ్వ బియ్యపు బస్తాలు విప్పించెను. బియ్యము, పప్పు, ఉప్పు, అగ్గిపెట్టెలు కొలిచి ఇచ్చుచుండెను. నేనపుడు ఇరువదియేండ్ల వాడను; ఖాతాపుస్తకము ముందు కూర్చుండియుంటిని. కలము తీయగానే అవ్వ నావైపు చూచి, “రాయకు బిడ్డా. నీళ్ళల్ల కొట్టుకొచ్చినోళ్ళకు లెక్కలేంది?” అనెను. సరే యంటిని. రాత్రి అందరు నిద్రించిన పిదప దీపము వెలిగించుకొని, పదునేడు కుటుంబముల పేర్లును, ఊళ్ళును, ఇచ్చిన సరకును పుస్తకము చివరి పుటలలో వ్రాసితిని.

నాలో అపుడు దురాశ లేదు. లెక్క లేని దుకాణము నిలువదని మాత్రమే నా తలంపు. అవ్వ దయ గలది గనుక మనమైనను జాగ్రత్తగా ఉండవలెననుకొంటిని. దయగలవారి ఇండ్లలో తరచుగా జరుగునది ఇదియే. ఒకరు ఇచ్చుచుందురు, వెనుక నొకరు వ్రాయుచుందురు.

1994లో అవ్వ లింగైక్యము చెందెను. ఆరాధననాడు అడవి పల్లెలనుండి వచ్చినవారు పందిరి వెలుపలనే చాలసేపు కూర్చుండి పోయిరి. గద్దెపైని నల్లరాతి మండపము కట్టించుటకు తండ్రిగారును పినతండ్రిగారును నిశ్చయించిరి. అందుకు సొమ్ము కావలెను గదా. మరుసటి యేడు బాకీలు చూచుటకు ఖాతాపుస్తకములు తీసిరి. చివరి పుటలు బయటపడెను. “ఇది నీ వ్రాతే గద?” అని పినతండ్రిగారు నన్నడిగిరి. నావ్రాతయే యంటిని. అవ్వ వ్రాయవద్దన్న సంగతి చెప్పవలసిన క్షణము అది. నేను చెప్పలేదు.

నేనును పినతండ్రిగారును ఒక పల్లెకు పోయితిమి. అచ్చటి పెద్దాయన మమ్ములను మంచముపై కూర్చుండబెట్టి, నేను చదివిన లెక్కను శ్రద్ధగా వినెను. లోపలికిపోయి తునికాకు కూలిసొమ్ము తెచ్చి, నోట్లు లెక్కపెట్టి నా చేతిలో ఉంచెను. “అవ్వ ఇచ్చినప్పుడు బాకీ అనలే. మీరంటున్నరు గద, బాకీనే. తీసుకోండ్రి” అనెను. తీసికొంటిమి. అటుపిమ్మట ఆయన మా దుకాణపు మెట్లెక్కలేదు. కోపముచేత గాదు; కోపమైనచో మాటలాడియుండును. మాకును ఆయనకును వ్యవహారము తీరిపోయెను, అంతే.

అవ్వ గద్దెపైని మండపము నిలిచినది. అందలి రాళ్ళలో ఆ కూలిసొమ్మును కలదు. అవ్వ దయను మేము వసూలు చేసి, ఆ సొమ్ముతోనే ఆమె దయకు గుర్తు కట్టితిమి.

ఇక విచారమునకు వత్తము. మేము చేసినది తప్పని నా మనస్సు చెప్పుచున్నది. అయినను మనస్సు చెప్పినంత మాత్రమున చాలదు, తర్కమునకును నిలువవలెను. పినతండ్రిగారి పక్షము త్రోసివేయదగినది కాదు. ఆయన చెప్పినదేమి? “అమ్మ దయ అమ్మది. ఆమె ఉన్నంతకాలము ఇచ్చినది. సొత్తు మనకు వచ్చినది, దయ రాలేదు. ఒకరి దయ ఇంకొకరిని బంధించునెడల అది దయ ఎట్లగును? అది పన్ను.” ఇందులో నిజము కలదు. తండ్రి దానశీలుడైనందున కుమారుడు విధిగా దానము చేయవలెనన్నచో, ఆ కుమారుడు చేయునది భయమే గాని దయ కాదు.

అట్లని వారసులు దేనికిని కట్టుబడనివారైనచో స్మరణకర్థమేమి? ఆరాధన పందిరిలో మనము పొగడునది దేనిని? ఆ గుణము మనకవసరము లేనిదే యైనచో దానిని పొగడుట వట్టి మర్యాద. ఇట్లు ఒకవైపు చూచిన బలవంతపు దయ, రెండవవైపు చూచిన బరువులేని స్మరణ. ఈ రెంటినడుమ దారి కలదా?

కలదని నాకు తోచుచున్నది. ఆ దారి మన ఆచారములోనే ఉన్నది, అదియే ప్రసాదము. లింగమున కర్పించినది మరల మన చేతికి వచ్చును. వచ్చినపుడు అది మునుపటి మన అన్నము కాదు, ప్రసాదము. ప్రసాదమును పెట్టెలో పెట్టి తాళము వేయువాడు లేడు. బాకీగా లెక్క కట్టువాడును లేడు. అందుకొన్నవాడు తాను ఆరగించి ప్రక్కవానికిచ్చును. ఇయ్యవలెనని చట్టము లేదు. ఇయ్యకున్న అది ప్రసాదము గాక మిగిలిపోయిన కూడగును. మనవారి దయయు ఇట్టిదే. అది ఆస్తివలె మనకు సంక్రమింపదు. అప్పువలె మనలను బంధింపదు. ప్రసాదమువలె మన చేతికందును. ఇంకొకరి చేతికి పోవునంతవరకే అది దయగా నిలుచును.

ఇచ్చట ఒక సందేహము పుట్టవచ్చును. అందరికిని వ్రాయక ఇచ్చుచుపోయిన దుకాణమేమగును? కాయకము చెడిపోదా? ఇట్టి నింద బసవేశ్వరునికే వచ్చెను. ఆయన కల్యాణములో బిజ్జలుని భాండారమును చూచువాడు. రాజధనమును జంగములకు పంచిపెట్టుచున్నాడని గిట్టనివారు రాజుతో చెప్పిరి. భాండారమును లెక్కింపగా కొరత లేకపోయెను. ఈ కథను మన పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ద్విపదలో చెప్పినాడు. భక్తులు దీనిని మహిమగా చెప్పుకొందురు, మహిమయే కావచ్చును. అయినను అందులో గృహస్థునకొక పాఠమును కలదు. దయ చేయువాని లెక్క ఇతరుల లెక్కకంటె సరిగా ఉండవలెను. పరుల సొమ్ముతో దయచూపుట దయ కాదు. మా అవ్వయు టోకు వర్తకుని బాకీని ఒక్క దినమైనను ఆపినది కాదు. తాను తీర్చవలసినది లెక్కప్రకారము తీర్చి, తనకు రావలసిన దానిలో మాత్రమే వదలుకొనుచుండెను.

ఇంకొక సందేహము నాకు నేనే వేసికొన్నది. ఇది మొదటిదానికంటె కఠినమైనది. మేము అవ్వ దయ యనుచున్న దానిలో దయ యెంత, న్యాయము ఎంత? ఈ అడవిసీమలో వర్తకులకును గిరిజనులకును గల సంబంధము చరిత్రకెక్కినది. హైమెండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు గోదావరి కొండలలోని కొండరెడ్ల మధ్య ఉండి, 1945లో వారినిగూర్చి గ్రంథము వెలువరించినాడు. వర్తకుల అప్పులలోను, కలప పనులలోను ఆ జనులు ఎట్లు చిక్కుకొనిరో అందు వ్రాసినాడు. అడవి ఫలసాయమును సరియైన ధరకు కొనుటకే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడవలసి వచ్చెను. వారి భూమి ఇతరుల పాలగుచున్నందుననే 1970లో, మనమందరము 1/70 చట్టమని చెప్పుకొనునది వచ్చెను. ఇవన్నియు ఊరక రాలేదు. మా దుకాణపు బియ్యపు బస్తాలు ఎవరి చింతపండు మీద, ఎవరి తేనె మీద వచ్చిన లాభముతో నిండినవి? అట్లు చూచినచో వరదనాడు అవ్వ ఇచ్చినదానిలో కొంత వారిదే వారికి చేరినది.

ఆయ్దక్కి మారయ్యగారి ఇంటి కథ మనకు తెలియును. కల్యాణపు వాకిళ్ళలో రాలిన బియ్యపు గింజలేరి తెచ్చి దాసోహము చేయుట ఆయన కాయకము. ఒకనాడు వాడుకకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. ఇల్లాలు లక్కమ్మ దానిని స్వీకరింపక, అవసరమునకు మించినది తిరిగి అచ్చటనే పోసిరమ్మని పంపెను. దాసోహమునకైనను అధికముగా కూర్చుట ఆశయే యని ఆమె భావము. ఆ తల్లి కొలతతో కొలిచినచో మా మండపమే కాదు, మా బస్తాలును నిలువవు. కావున దయగలవారి సంతానము గర్వింపదగినది స్వల్పము. మనవారు ఇచ్చిరని చెప్పుకొనుటకు ముందు, ఎవరినుండి వచ్చినదానిని ఇచ్చిరో తలచుకొనవలెను. ఈ తలంపు వారి దయను తగ్గింపదు. మన అహంకారమును తగ్గించును.

ఇంతవరకు ఆలోచించియు నేను ఒకచోట నిలిచిపోయితిని. ప్రసాదమును చేయి మార్చినవాడే వారసుడైనచో, ప్రసాదమునే అమ్ముకొన్నవాని గతి యేమి? నేను కూలిసొమ్ము తీసికొన్న ఆ పెద్దాయన శివసన్నిధి చేరి చాలకాలమైనది. ఎవరికి తిరిగి ఇత్తును? తప్పు చేసినవాడు దయకు వారసుడు కాగలడా?

దీనికి జవాబు నాకు మా ఖమ్మం సీమలోనే, రెడ్డిపల్లి గ్రామస్థుడొకని వలన దొరకెను. వనజీవి రామయ్యగారిని తెలియని వారుండరు. దరిపల్లి రామయ్యగారు చదువు చూచుకొన్న గొప్ప పండితులు గారు, ధనవంతులు గారు. వృక్షములను కాపాడుడని చెప్పు పలకను మెడలో వేసికొని, సైకిలుపై గింజలును మొక్కలును పెట్టుకొని, జానమ్మగారు తోడుగా జీవితమంతయు చెట్లు నాటిరి. కోటికి పైగా నాటిరని లోకము చెప్పుకొనును. 2017లో ప్రభుత్వము పద్మశ్రీ ఇచ్చి గౌరవించెను. 2025 ఏప్రిల్ 12న వారు పరమపదించిరి.

నేను చెప్పదలచినది ఆ బిరుదును గూర్చి కాదు. 2022లో వారు రహదారి దాటుచుండగా ఒక ద్విచక్రవాహనము ఢీకొట్టెను. ముసలితనమున గాయములతో ఆస్పత్రిపాలైరి. అట్టి స్థితిలో రామయ్యగారు ఆ వాహనదారునిపై కేసు వలదనియు, అతనిచేత నూరు మొక్కలు నాటింపుడనియు కోరినట్లు పత్రికలలో వచ్చెను. ఆ వార్త చదివి పత్రిక ప్రక్కన పెట్టి చాలసేపు కూర్చుండిపోతిని.

ఆ మాటలోని వివేకమును గమనింపుడు. “క్షమించితిని, పొమ్ము” అని ఆయన అనలేదు. అట్లన్నచో తప్పు చేసినవాడు తేలికపడి పోవును, అంతటితో సరి. “దండుగ కట్టుము” అనియు అనలేదు. కట్టినచో మా పల్లె పెద్దాయనవలె వ్యవహారము తీరిపోవును. తనకు జరిగిన కీడునకు బదులు తనకు చేయుమనలేదు; రాబోవు నీడకొరకు చేయుమనెను. తనను గాయపరచినవానినే తన పనికి వారసునిగా చేసికొనదలచెను. నూరు మొక్కలు నాటినవాడు నాటకముందటి మనిషిగా ఉండడు.

నా సందేహము అచ్చట తీరెను. దయకు రక్తసంబంధము వలన వారసులు లేరు. పొగడ్త వలన లేరు, రాతిమండపము వలన లేరు. అందుకొన్నవాడును వారసుడు కావచ్చును, చూచినవాడును కావచ్చును, దానికి ద్రోహము చేసినవాడును కావచ్చును. అందరికిని నియమము ఒక్కటే: తన చేతిలోనిది కొంత ఖర్చు కావలెను. అవ్వకు బియ్యము ఖర్చయ్యెను. రామయ్యగారికి బ్రతుకే ఖర్చయ్యెను. నాకు ఆనాడు ఖర్చు కావలసినది ఒక్క మాట: “అవ్వ వ్రాయవద్దన్నది.” ఆ ఒక్క మాటను నేను దాచుకొంటిని. దాచుకొన్నందుననే ముప్పది యేండ్లు దరిద్రుడనుగా ఉంటిని.

బసవేశ్వరుడు నిలిచియుండు కట్టడముకంటె నడయాడు జంగమమునే గొప్పగా ఎంచెనని మనము తరచుగా చెప్పుకొందుము. గద్దెలు కట్టవలదని నేననుట లేదు. నేనును ప్రతి సోమవారము అవ్వ గద్దెకు విభూతి పెట్టి, బిల్వపత్రి యుంచి మ్రొక్కుచున్నాను. అయినను స్మరణలోను స్థావరము, జంగమము అను రెండు కలవు. రాతిపై వ్రాసిన పేరు ఉన్నచోటనే ఉండును. మనవారు చేసిన పని మాత్రము ఒకచేతినుండి ఇంకొక చేతికి, ఒక కులమునుండి ఇంకొక కులమునకు, ఎరిగినవారినుండి ఎరుగనివారికి నడచిపోవును. ఆ నడకను ఆపకుండుటయే స్మరణ.

కావున గృహస్థులకును మఠములకును ఒక మనవి. ఆరాధన పందిరిలో పోయినవారి గుణములు చెప్పుకొనునపుడు చివర నొక ప్రశ్న కూడ అడుగుకొనుడు: “వారు చేయుచుండిన పనులలో రేపటినుండి ఎవరు దేనిని చేయుదురు?” నీళ్ళకుండ ఎవరు నింపుదురు? వారు గౌరవముతో పిలిచినవారిని మనలో ఎవరు గౌరవముతో పిలుతురు? వారు అడుగక విడిచిన బాకీని అడుగకుండుటకు ఎవరు ఒప్పుకొందురు? జవాబు చెప్పువారు లేకున్నను ఆ ప్రశ్న పందిరిలో ఉండనిండు. మౌనమైనను మనకు మన స్థితిని తెలుపును.

ఆ 2022వ సంవత్సరము జులైలోనే గోదావరి మరల పొంగి భద్రాచలము దగ్గర 71.3 అడుగులకెక్కెను. మెరకకు మరల జనులు తరలివచ్చిరి. దుకాణమిపుడు నా కుమారునిది. ఆ దినములలో మా ఇంట ఏమి జరిగినదో నేనిచ్చట చెప్పను. లెక్క వ్రాయవద్దన్న తల్లికి మనుమడను. ఒకసారి వ్రాసి చెడితిని, అది చాలును.

శరణు శరణార్థి.